తెరవని లేఖ – కరుణ విప్రలంభ విచారం



ప్రాణి సహజంగా దుఃఖాన్ని పరిహరిస్తుంది. ముల్లు గుచ్చుకున్న తోవలో పాదం మళ్లీ జంకుతూ సాగుతుంది. ఒకసారి కాలిన వేలు నిప్పు దగ్గరికి పోదు. అట్టి మానవుడే నాటకశాలలోను, కావ్యపఠనంలోను, నేటికాలంలో అరచేతిలోని తెరమీదను శోకాన్ని కోరి తెచ్చుకుంటున్నాడు. కన్నీరు వచ్చినకొద్దీ ఇంకా చూడాలని ఆశిస్తున్నాడు. ఈ వైచిత్రికి కారణమేమి? ఆ కన్నీటివల్ల చిత్తశుద్ధి కలుగుతుందా, లేక అది మోహానికే మరొక రూపమా? ఆలంకారికులు శతాబ్దాల తరబడి విచారించిన ఈ ప్రశ్న గ్రంథాలకు మాత్రమే పరిమితమైనది కాదు. హైదరాబాదు మహానగరపు తూర్పుభాగాన, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక విద్యార్థినుల హాస్టల్ గదిలో, కొరియా దేశపు టెలివిజన్ ధారావాహిక ఒకటి ఆ ప్రశ్నను మళ్లీ సజీవం చేసింది.

దిల్‌సుఖ్‌నగర్ అనే నామమే ఆలోచింపదగినది. ‘దిల్’ పారసీక పదం, హృదయమని అర్థం. ‘సుఖ’, ‘నగర’ శబ్దాలు సంస్కృతాలు. మూడూ కలిసి హృదయసుఖనగరమైనది. కాని అక్కడ నివసించే విద్యార్థులలో పెక్కుమందికి హృదయసుఖం కంటె హృదయభారమే అధికం. విజయవాడ రహదారి వెంట నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుండి వచ్చినవారు కోచింగ్ కేంద్రాలలో పాఠాలు విని, ఇరుకు సందులలోని హాస్టళ్లలో గదికి నలుగురు చొప్పున తలదాచుకుంటారు. ఉద్యోగ ప్రకటన ఎప్పుడు వెలువడుతుందో, పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడుతుందో వారికి తెలియదు. గురువారం సాయంకాలం సాయిబాబా మందిరం ముందు బారులు తీరేవారిలో పుస్తకాల సంచి భుజాన ఉన్నవారే ఎక్కువగా కనిపిస్తారు.

సూర్యాపేటకు సమీపంలోని ఒక గ్రామం నుండి వచ్చిన యువతి అట్టివారిలో ఒకతె. తండ్రి సేద్యగాడు. ఆమె గ్రూప్-2 పరీక్షకు రెండవమారు సిద్ధమవుతున్నది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినపుడు తండ్రి ఇక చదువు చాలునని, ఒక సంబంధం వచ్చిందని చెప్పినాడు. మాటకు మాట పెరిగింది. పండుగ మరునాడే ఆమె బస్సెక్కి నగరానికి తిరిగి వచ్చింది. అటుపిమ్మట తల్లితో మాత్రమే మాట్లాడేది. తండ్రి పేరు తెరమీద మెరిస్తే ఫోన్‌ను బోర్లించి పెట్టేది. రెండు నెలలు గడిచినవి. ఆ రోజులలోనే గదిలోని స్నేహితురాలు ఒక ధారావాహికను పరిచయం చేసింది. రాత్రి పదకొండు దాటిన తరువాత, దీపం ఆర్పి, దుప్పటి కింద, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆమె దానిని చూడసాగింది. ఇరువది భాగాలు అయిదు రాత్రులలో ముగిసినవి. చివరి రెండు భాగాలను మాత్రం ఆమె ఆ తరువాత నాలుగుమార్లు చూచింది. చూచిన ప్రతిమారు తెల్లవారేవరకు ఏడ్చింది.

ఆ ధారావాహిక పేరు ‘మూన్ లవర్స్: స్కార్లెట్ హార్ట్ ర్యో’. దక్షిణ కొరియాలోని ఎస్‌బీఎస్ చానెల్‌లో 2016 ఆగస్టు 29 నుండి నవంబరు 1 వరకు ప్రసారమైనది. లీ జూన్‌గి, ఐయూ ప్రధాన పాత్రధారులు. తోంగ్ హువా అనే చీనా రచయిత్రి నవల దీనికి మూలం. కొరియావారు ఆ కథను తమ గోర్యో రాజవంశ చరిత్రలోకి మార్చుకున్నారు. 918లో ఆ వంశాన్ని స్థాపించిన వాంగ్ గోన్, 949 నుండి 975 వరకు పాలించిన అతని కుమారుడు గ్వాంగ్‌జోంగ్ చరిత్రలో నిజంగా ఉన్నవారే. ఈ గ్వాంగ్‌జోంగ్ 956లో అక్రమంగా దాస్యంలో పడినవారికి విముక్తి కలిగించే శాసనం చేసినాడు. 958లో కొరియాలో తొలిసారిగా ప్రభుత్వోద్యోగాలకు పోటీ పరీక్షలు ప్రవేశపెట్టినాడు. మరొకవైపు తన అధికారానికి అడ్డువచ్చిన ప్రభువర్గంలో పలువురిని హతమార్చినాడు. పోటీ పరీక్షల నగరంలో కూర్చున్న యువతి, కొరియాకు పోటీ పరీక్షలనిచ్చిన రాజు కథకు కన్నీరు కార్చడం కాలవైచిత్రి.

కథ ఇది. ఈ శతాబ్దానికి చెందిన గో హాజిన్ అనే యువతి సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో నీటిలో మునిగి, 941వ సంవత్సరంలో హే సూ అనే కన్య దేహంలో మేల్కొంటుంది. రాజప్రాసాదంలో అనేక రాకుమారులు. వారిలో నాల్గవవాడు వాంగ్ సో ముఖంపై గాయపు మచ్చను ముసుగుతో దాచుకొని తిరుగుతాడు. ఆ గాయం కన్నతల్లి చేసినది. హే సూ తనకు తెలిసిన అలంకరణ విద్యతో ఆ మచ్చను కప్పుతుంది. తొలిసారిగా అతడు ముసుగు లేకుండా లోకం ముందు నిలుస్తాడు. ఆ క్షణం నుండి అతని హృదయం ఆమెదే. కాని భవిష్యత్తు నుండి వచ్చిన ఆమెకు చరిత్ర తెలుసు: ఇతడే రాజై సోదరుల రక్తంతో చేతులు తడుపుకుంటాడని. ఆ జ్ఞానం ఆమెకు వివేకాన్ని ఇవ్వలేదు, భయాన్ని ఇచ్చింది. ఎదుటి మనిషిని చూడవలసిన కన్నులు, రాబోయే రాజును చూచి వణికినవి.

అతడు రాజైన పిమ్మట సింహాసనం వారి మధ్య గోడ అయినది. రాజకీయావసరం కొరకు అతడు మరొకతెను పరిణయమాడవలసి వచ్చింది. ఆప్తులు ఒకరొకరుగా నశించినారు, అనుమానం ప్రవేశించింది. ఆమె పదునాల్గవ రాకుమారుడైన వాంగ్ జంగ్‌ను పేరుకు వివాహమాడి ప్రాసాదాన్ని విడిచింది. గర్భవతియై, వ్యాధిగ్రస్తయై, తన శేషకాలం కొద్దిదని తెలిసి రాజుకు లేఖలు వ్రాసింది. అతని అక్షరాలను చూచి వ్రాత నేర్చుకున్నది గనుక ఆమె దస్తూరి రాజు దస్తూరినే పోలి ఉంటుంది. ఎవరైన అపార్థం చేసుకుంటారేమోనని వాంగ్ జంగ్ ఆ లేఖలను తన చేతివ్రాత ఉన్న మరొక కవరులో పెట్టి పంపినాడు. రాజు పైవ్రాత చూచినాడు. తాను ప్రేమించినదాన్ని వివాహమాడినవాడి లేఖలని భావించినాడు. విప్పకుండ పక్కన పెట్టినాడు. ఆమె ఎదురుచూచి, ఎదురుచూచి మరణించింది. మరణవార్త వచ్చిన తరువాతనే ఆ కవరులు తెరుచుకున్నవి. అక్కడ ఆమె హాజిన్‌గా నేటి కాలంలో మేల్కొని, ఒక ప్రదర్శనశాలలో ఆ రాజు చిత్రపటం ముందు నిలిచి, అన్నిటినీ జ్ఞాపకం తెచ్చుకొని, అతణ్ణి ఒంటరిగా విడిచి వచ్చినందుకు విలపిస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది.

ఇట్టి శోకాన్ని చూచి ఆనందించడమేమి అనే ప్రశ్నకు భారతీయ సాహిత్యశాస్త్రం లోతైన సమాధానం చెప్పింది. గ్వాంగ్‌జోంగ్ గోర్యో దేశాన్ని పాలించిన ఆ పదవ శతాబ్దిలోనే కాశ్మీరదేశంలో అభినవగుప్తపాదులు జన్మించినారు. భరతముని నాట్యశాస్త్రానికి వారు వ్రాసిన వ్యాఖ్య అభినవభారతి. లోకంలోని శోకానికి ‘నాది’, ‘వీనిది’, ‘వైరిది’ అనే సంబంధం ఉంటుంది. ఆ సంబంధం ఉన్నంతవరకు అది దుఃఖమే. నాట్యంలో ఆ మమకారం తొలగిపోతుంది. అక్కడ శోకం ఏ ఒక్కరికీ చెందక సాధారణీకృతమవుతుంది. అహంకార గ్రంథి క్షణకాలం సడలడం చేత చిత్తం తన స్వరూపంలో విశ్రమిస్తుంది. ఆ విశ్రాంతియే రసం. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు మరింత సులభంగా వాదించినాడు: కరుణరసం దుఃఖమే అయితే రామాయణాన్ని ఎవరూ వినేవారే కాదు. కన్నీరు దుఃఖానికి మాత్రమే చిహ్నం కాదు. చిత్తం ద్రవించినపుడు కూడ అది స్రవిస్తుంది.

లౌకిక శోకానికి, రసానికి గల భేదం తెలియుటకు దిల్‌సుఖ్‌నగర్‌వాసులకు శాస్త్రం అవసరం లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం ఆ ప్రధాన వీధిలోనే, సినిమాహాళ్లకు సమీపంలో, రెండు బాంబులు పేలినవి. బస్సు కొరకు నిలుచున్నవారు, పుస్తకాలు కొనవచ్చినవారు, ఫలహారం తినవచ్చినవారు ప్రాణాలు కోల్పోయినారు. అక్కడ సహృదయుడు లేడు, ఆస్వాదం లేదు. తమవారి కొరకు ఆసుపత్రుల వెంట పరుగెత్తినవారికి అది కేవల శోకమే. నాట్యశోకాన్ని రసమని పిలిచిన ఋషులు లౌకికశోకాన్ని తేలికగా చూడలేదు. రెండిటినీ కలపరాదని హెచ్చరించినారు.

అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండటం. తన గాయం మనస్సులో పచ్చిగా ఉన్నవాడు నాటకంలోని గాయాన్ని చూడడు; దాని మిషతో తన గాయాన్నే తడుముకుంటాడు. అట్టి ఏడ్పుకు విశ్రాంతి లేదు. ఎన్నిమార్లు చూచినా అది తీరదు. చివరి రెండు భాగాలను నాలుగుమార్లు చూచిన యువతి అనుభవించినది రసమా, విఘ్నమా అనేది ఇక్కడ తలెత్తే ప్రశ్న.

ఆ ఆదివారం ఆమె మెట్రో రైలులో ఎల్బీనగర్‌కు వెళ్లింది. అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు ఆ మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైన తరువాత దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు, ఎల్బీనగర్‌లోని బంధువుల ఇండ్లకు దూరం తగ్గింది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్బీనగర్. అక్కడ ఆమె పెద్దమ్మ ఇల్లు ఉన్నది. పెద్దనాన్న సంస్కృతం బోధించి విశ్రాంతి పొందిన అధ్యాపకుడు.

“కండ్లు అట్ల వాచినయేందమ్మా?” అని ఆయన అడిగినాడు.

ఆమె సమాధానం చెప్పకముందే వంటింటి నుండి పెద్దమ్మ అన్నది: “చదివి కాదు లెండి. కొరియా సీరియల్ చూసి రాత్రంత ఏడ్చిందట.”

ఆయన నవ్వలేదు. “కథ చెప్పు, వింట” అన్నాడు. ఆమె మొదట సిగ్గుపడి, తరువాత చెప్పసాగింది. గంటసేపు చెప్పింది. ఆయన మధ్యలో రెండుమూడుచోట్ల మాత్రమే ప్రశ్నించినాడు. అంతా విని, “ఇంతకూ ఆ పిల్ల చచ్చిపోయిందా, దూరమైందా?” అన్నాడు.

“రెండూ పెద్దనాన్నా. వెయ్యేండ్ల కింద చచ్చిపోయింది. ఇప్పుడు బతికే ఉన్నది.”

“అట్లయితే అది కరుణమా, విప్రలంభమా?”

ఈ ప్రశ్న పండితవినోదం కాదు. ప్రియవియోగం కరుణంలోనూ ఉన్నది, విప్రలంభ శృంగారంలోనూ ఉన్నది. చింత, నిద్రలేమి, కన్నీరు, కృశత్వం రెండిటికీ సమానమే. మరి భేదమెక్కడ? భరతముని ఒక్క మాటతో గీత గీసినాడు: కరుణం నిరపేక్షం, విప్రలంభం సాపేక్షం. మరల కలుస్తామనే అపేక్ష తెగిపోతే ఆ దుఃఖం కరుణం. ఆ అపేక్ష సన్నని దారంవలె నిలిచి ఉన్నా అది విప్రలంభం; అనగా అది ఇంకా ప్రేమయే, ఎడబాటు అనే వేషంలో ఉన్న ప్రేమ.

ఈ రెండిటి నడుమ ఒక సన్నని ప్రదేశాన్ని కూడ ఆలంకారికులు గుర్తించినారు. ప్రియుడు లోకాంతరగతుడై, తిరిగి లభిస్తాడనే ఆశ ఉంటే దానిని విశ్వనాథుడు కరుణవిప్రలంభమన్నాడు. దానికి ఉదాహరణ బాణభట్టుని కాదంబరిలోని మహాశ్వేతా పుండరీకుల వృత్తాంతం. అచ్ఛోద సరస్తీరాన ఒకరినొకరు చూచుకున్న మునికుమారుడు, గంధర్వకన్య. ఆమె చేరేలోపే అతడు విరహతాపంతో ప్రాణాలు విడిచినాడు. ఆమె సహగమనానికి సిద్ధపడినపుడు చంద్రమండలం నుండి ఒక దివ్యపురుషుడు దిగివచ్చి, మరల సమాగమం కలదని ఆమెకు అభయమిచ్చి, పుండరీకుని దేహాన్ని పైకి కొనిపోయినాడు. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకొని మహాశ్వేత ఆ సరస్తీరంలోనే తపస్సు చేసింది. జన్మలు మారినవి, చివరకు సమాగమం జరిగింది. శ్మశానంలో ముగియవలసిన కథ తపోవనంలోకి మళ్లినది, ఆ అపేక్ష చేతనే.

ఈ దృష్టితో చూస్తే ఆ కొరియా ధారావాహికను చూచినవారు ఎన్నో సంవత్సరాలుగా రెండవ సీజన్ కావాలని ఎందుకు కోరుతున్నారో తెలుస్తుంది. రాజు కాలాన్ని దాటి వచ్చి ప్రదర్శనశాలలో ఆమెను కలుసుకుంటాడని వారు తమ మనస్సులలో కథను పొడిగించుకుంటున్నారు. కరుణాన్ని కరుణవిప్రలంభంగా మార్చుకోవాలనే ఆరాటమది. జీవుని స్వభావంలోనే ఉన్న ప్రార్థన అది: తెగినదని ఒప్పుకోలేకపోవడం. వేదాంతదృష్టిలో ఆ ఒప్పుకోలేకపోవడం కేవలం దౌర్బల్యం కాదు. ఆత్మకు నాశం లేదనే సత్యం దానిలో అస్పష్టంగా ప్రతిబింబిస్తున్నది. దానిని మరొక సీజన్ వైపు మళ్లిస్తే అది మోహం. దాని మూలం వైపు మళ్లిస్తే జిజ్ఞాస.

కాళిదాసు శాకుంతలం ఈ కథకు సమీపంగా, భిన్నంగా నిలుస్తుంది. అక్కడ ఉంగరం, ఇక్కడ లేఖ. దుర్వాసుని శాపం చేత దుష్యంతుడు శకుంతలను మరచినాడు. గుర్తుగా ఉండవలసిన అంగుళీయకం తీర్థజలంలో జారిపోయింది. చేప కడుపు నుండి అది బయటపడగానే రాజుకు స్మృతి కలిగింది. ఆరవ అంకంలో ఆయన శకుంతల చిత్రాన్ని స్వయంగా గీసి, ఆ పటం ముందు తన్మయుడై, అందులోని తుమ్మెదను మందలిస్తాడు. ఇది చిత్రమేనని విదూషకుడు గుర్తుచేస్తాడు. ప్రదర్శనశాలలో చిత్రపటం ముందు ఏడ్చిన హాజిన్, చిత్రఫలకం ముందు ఏడ్చిన దుష్యంతుడు ఒకే బాధతో నిలిచినారు. అయితే దుష్యంతునికి గుర్తు కలిగిన నాటికి శకుంతల మారీచుని ఆశ్రమంలో సజీవంగా ఉన్నది. వాంగ్ సోకు గుర్తు కలిగిన నాటికి హే సూ చితాభస్మమైనది. ఒకచోట అభిజ్ఞానం మృత్యువు కంటె ముందు వచ్చింది. మరొకచోట ఒక్క అడుగు వెనుక వచ్చింది. సుఖాంతానికి, దుఃఖాంతానికి మధ్య ఉన్నది ఆ ఒక్క అడుగే.

మరొక భేదం దీనికంటె ముఖ్యమైనది. దుష్యంతుడు మరచుటకు శాపం కారణం. రాజుకు, లేఖకు మధ్య ఏ శాపమూ లేదు. ఎల్బీనగర్ ఇంటిలో పెద్దనాన్న చివరగా అడిగినది దీనినే.

“ఆ ఉత్తరాలను మధ్యల ఎవరన్న ఆపిన్రా?”

“లేదు పెద్దనాన్నా. ఆయన దగ్గరికి వచ్చినయి. ఆయన ముందటనే ఉండె. ఆయనే విప్పలే.”

ఆ మాట చెప్పి ఆమె ఆగిపోయింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉన్నది. పెద్దనాన్నకు ఏమీ తెలియదు; ఆయన భోజనానికి లేచినాడు. ఆమె మాత్రం మెట్లెక్కి మేడమీదికి పోయింది.

తండ్రికి అక్షరాలు టైపు చేయుట రాదు. ఊరిలో ఎవరో నేర్పగా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపడం నేర్చుకున్నాడు. రెండు నెలలలో పదకొండు పంపినాడు. ఆమె ఒక్కటీ వినలేదు. అవన్నీ పెండ్లిసంబంధం గురించే అయి ఉంటవని ఆమె నిశ్చయించుకున్నది. పైవ్రాతను బట్టి లోపలి విషయాన్ని నిర్ణయించుట రాజు ఒక్కడే చేసిన పని కాదు.

మేడమీద, నీళ్ల ట్యాంకు నీడలో నిలిచి ఆమె వరుసగా విన్నది. మొదటిదానిలో హాస్టల్ అన్నం మంచిగ పెడుతున్నరా అని ఉన్నది. ఒకదానిలో బర్రె ఈనిందని, దూడ ఎర్రగా ఉన్నదని ఉన్నది. ఒకదానిలో వరి పొట్టకు వచ్చిందని, కరెంటు రాత్రిపూట ఇస్తున్నరని ఉన్నది. ఒకదానిలో నలుబది క్షణాలపాటు మోటారు శబ్దమే. చివర “ఇది పోతున్నదా, పోతలేదా” అని పక్కవానిని అడిగే కంఠం. పదకొండింటిలో ఒక్కదానిలో మాత్రమే సంబంధం ప్రస్తావన వచ్చింది: వాళ్లకు తరువాత చెబుదామన్నానని, పరీక్ష అయినాక చూద్దామని. క్షమాపణ లేదు, బుజ్జగింపు లేదు. అతనికి అవి రావు.

ఆమె ఫోన్ చేసింది. ఇద్దరూ మాట్లాడినది దూడ గురించి, బోరులోని నీళ్ల గురించి. వివాదం తీరలేదు, పరీక్ష ఇంకా ఉన్నది, సంబంధమూ ఎక్కడో ఉన్నది. అయినా ఆ రాత్రి ఆమె చివరి భాగాలను చూడలేదు. చూడవద్దని వ్రతం పట్టలేదు, అక్కర కలుగలేదు. రసవిఘ్నం తొలగిపోయింది. కొన్ని వారాల తరువాత మరొకమారు చూచినపుడు ఆమెకు కన్నీరు వచ్చింది. కాని అది వాంగ్ సో కొరకు, హే సూ కొరకు వచ్చింది. ఆపుట ఆమె చేతిలో ఉన్నది. కథ ముగిసిన తరువాత నిద్రపట్టింది.

ఇంతవరకు లోకవ్యవహారం. ఇక పరమార్థం. గ్వాంగ్‌జోంగ్ కాలానికి సమీపంలోనే కాశ్మీరంలో ఉత్పలదేవుడు ఈశ్వరప్రత్యభిజ్ఞా కారికలను రచించినాడు. గ్రంథాంతంలో ఆయన చెప్పిన దృష్టాంతం ఈ విషయానికి అద్దంపట్టినట్లు ఉన్నది. ఒక యువతి ఒక నాయకుని గుణగణాలు విని, చూడకయే ప్రేమించింది. ఎన్నో ప్రార్థనలతో వేడుకున్నది. అతడు నిజంగానే వచ్చి ఆమె ఎదుట నిలిచినాడు. కాని ‘ఇతడే అతడు’ అనే గుర్తు లేకపోవడం చేత ఆమెకు అతడు దారినపోయే సామాన్యునివలె కనిపించినాడు. హృదయానికి ఏ ఆనందమూ కలుగలేదు. వచ్చినవాడు లేడని కాదు, తెలియబడలేదు, అంతే. అట్లే విశ్వేశ్వరుడు ప్రతి జీవునిలో ఆత్మగా ప్రకాశిస్తున్నా, గుర్తింపబడనంతవరకు ఆ మహిమ ఆస్వాదానికి రాదు. ఆ గుర్తింపు కలిగించుటకే ఆ శాస్త్రం.

జీవుడు కోరేది దూరంగా లేదు. లేఖ చేరినది, కవరు విప్పలేదు. ఆ కవరు మీది వ్రాత మాత్రం వేరొకరిది: ఒకనాడు రోగం వ్రాసిన విలాసం, ఒకనాడు అపజయం, ఒకనాడు వృద్ధుల మొండితనం, ఒకనాడు ఎదుటివారి కోపం. పైవ్రాతను చూచి ద్వేషించి పక్కన పెట్టిన ప్రతి లేఖలోను ఈశ్వరుని దస్తూరి ఉండవచ్చును. ఆ దస్తూరి సాధకుని సొంత దస్తూరిని పోలి ఉంటుంది, ఏలయన ఆ రెండూ పరమార్థంలో వేరు కావు. దానిని చదువకుండ చేసేది శాపం కాదు, అహంకారం. ‘ఇందులో ఏమున్నదో నాకు తెలుసు’ అనే నిశ్చయానికే అజ్ఞానమని పేరు.

భక్తిశాస్త్రం కూడ ఇక్కడనే చేరుతుంది. భగవంతుని మరచినపుడు కలిగే పరమవ్యాకులతను నారదమహర్షి భక్తికి లక్షణంగా చెప్పి, వ్రజగోపికలను నిదర్శనంగా చూపినాడు. శ్రీకృష్ణుడు మథురకు వెళ్లిన తరువాత గోపికల శోకాన్ని భాగవతం విస్తరించింది. అది కరుణం కాదు, విప్రలంభం. ఎందువల్లనంటే ఆ నాయకుడు నశించేవాడు కాడు. అపేక్ష తెగే అవకాశమే లేదు. భక్తునికి నిరపేక్షశోకం లేదు. అతని కన్నీటిలో ఎప్పుడూ ఒక కొస పట్టుకొని ఉంటుంది. లోకంలోని ప్రేమలన్నీ ఏదో ఒకనాడు కరుణంగా మారక తప్పదు. దేహం ఉన్నచోట మృత్యువు ఉన్నది. భగవద్విరహం మాత్రం ఎన్నటికీ కరుణంగా మారదు. ఉద్ధవుని వంటి జ్ఞాని వారి పాదధూళిని కోరినది అందుకే.

కావున కరుణరసాన్ని చూచి కన్నీరు పెట్టేవారిని సాధకలోకం చులకన చేయరాదు. చిత్తం ద్రవించుట అదృష్టమే. కఠినమైన లక్క మీద ముద్ర పడదు. భక్తిరసాయనకారుడైన మధుసూదన సరస్వతి చిత్తద్రవాన్ని భక్తికి మూలంగా విచారించినాడు. లక్క కరిగిన వేళ దానిపై ఏ ముద్ర వేస్తున్నారనేదే ప్రశ్న. అదే కథను అయిదవమారు చూచుటకు వినియోగిస్తే ఆ ద్రవం వ్యర్థంగా గట్టిపడుతుంది. ఇంటివైపు, గురువువైపు, ఇష్టదైవంవైపు మళ్లిస్తే అది నిలిచే ముద్ర. రసానందం బ్రహ్మానందానికి సహోదరమని పెద్దలన్నారు. సహోదరుని ఇల్లు చూచి వచ్చినంతమాత్రాన స్వగృహం చేరినట్లు కాదు. అయితే దారి అడుగుటకు అంతకంటె తగినవాడు లేడు.

వాంగ్ సో విప్పని కవరులను చూచి కొన్ని దేశాల యువత ఏడ్చింది, ఏడుస్తున్నది. అట్టి కవరు ఏదో ఒకటి ప్రతివాని ఒళ్లోనూ ఉంటుంది. వ్రాసినవారు ఇంకా జీవించి ఉన్నంతవరకు అది విప్రలంభమే. కరుణం కాకముందే దానిని తెరవడం గృహస్థునికి ధర్మం. లోపలి ప్రియుణ్ణి దేహం ఉండగానే గుర్తుపట్టడం ముముక్షువుకు పురుషార్థం.

స్వస్తి.